13 అడుగుల స్కాంప్ ట్రైలర్, మూడు నెలల ల్యాబ్ పిల్ల: ఏ పని ముందు?

జున్ను_వాళ్ళమ్మ (మిన్నియాపొలిస్):

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఇన్నాళ్ళూ ఏమీ రాయలేదు. పోయిన శీతాకాలంలో పాత స్కాంప్ 13 (కారు వెనక తగిలించి లాగే, లోపల పడుకునే బుల్లి క్యాంపింగ్ ట్రైలర్) ఒకటి కొన్నాం. అవి తయారయ్యేది మా మిన్నెసోటాలోనే, బాకస్‌లో. అందుకని ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో అప్పుడప్పుడు దొరుకుతుంటాయి. లాగడానికి టొయోటా హైల్యాండర్ ఎస్‌యూవీ ఉంది. ఫైబర్‌గ్లాస్ గుల్ల గట్టిగా ఉంది, పైకప్పు కారడం లేదు, పైనున్న పాత ఏసీ పనిచేస్తోంది. మిగతాదంతా మార్చాల్సిందే: కార్పెట్, కుషన్లు, లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఫ్రిజ్.

ఈలోగా ఇంటికి జున్ను వచ్చింది. పసుపు ల్యాబ్రడార్ కుక్కపిల్ల, జనవరి మొదట్లో పుట్టింది. గరాజ్‌లో మా ఆయన డ్రిల్ పట్టుకుంటే ఇది స్క్రూల డబ్బా పట్టుకుంటుంది. కొలత టేపు లాగితే రెండో కొస దీని నోట్లో ఉంటుంది.

మే నెలాఖరుకి, మెమోరియల్ డే నాటికి, బండి తయారవ్వాలి. ముందు కరెంటు పనులు చూసుకోవాలా, నేల వేసుకోవాలా, దీనికో చోటు కట్టాలా? పెద్దయ్యాక ల్యాబ్‌కి 42 అంగుళాల క్రేట్ (కుక్క పడుకునే బోను) కావాలట, అది ఇందులో ఎక్కడ పడుతుంది? జూన్ మధ్యలో లేక్ సుపీరియర్ ఒడ్డున నార్త్ షోర్ మీదుగా కెనడాలో థండర్ బే దాకా, ఆగస్టులో యెల్లోస్టోన్ అనుకుంటున్నాం. మేలో రాజమండ్రి నుంచి అత్తయ్యగారు వస్తున్నారు. ఆగస్టు ట్రిప్పుకి ఆవిడ కూడా. 13 అడుగుల్లో ముగ్గురు మనుషులు, ఒక కుక్క. నవ్వకండి ప్లీజ్.

వైరింగ్_మావయ్య (హ్యూస్టన్):

నవ్వడం లేదమ్మాయ్. ఏదైనా కొనేముందు ఒక పని చెయ్యి. ట్రైలర్‌లో నాలుగు కాళ్ళ మీద పాకుతూ చుట్టూ చూడు. నీకు ఆ ఎత్తులో ఏం అందితే జున్నుకీ అదే అందుతుంది. ఈ బుల్లి ట్రైలర్లలో వైర్లు చాలావరకు బెంచీల కిందే నడుస్తాయి. 120 వోల్టుల తీగ కొరికితే ప్రాణమే పోతుంది. 12 వోల్టులది కొరికితే షాక్ కొట్టదు, అందుకని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. కానీ పంటిగాట్లతో తొడుగు పోయిన తీగ ఆ రోజు బాగానే పనిచేసి, తర్వాతెప్పుడో రోడ్డు అదురుకి షార్ట్ అయి అంటుకుంటుంది.

కాబట్టి ఫ్యూజుల దగ్గర బేరాల్లేవు. 14 గేజ్ తీగకి 15 యాంపులు, 12 గేజ్‌కి 20, 10 గేజ్‌కి 30 (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు). అంతకు మించి వెయ్యొద్దు. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోపే ఉండాలి. నేల నుంచి రెండడుగుల లోపు ఏ తీగా బయటికి కనిపించకూడదు. నల్ల ప్లాస్టిక్ ముడతల గొట్టం తొడిగితే చాలదు, దాన్ని కుక్కపిల్లలు ఇష్టంగా నములుతాయి. బెంచీ లోపలికి తీసుకెళ్ళు, కుదరకపోతే పైన అల్యూమినియం యాంగిల్ బిగించు.

ఇంకో ముఖ్యమైన మాట. గ్యాస్ అలారం నేలకి దగ్గరగా ఉంటుంది, దాన్ని కుక్క కొరుకుతోందని పైకి మార్చేవాళ్ళున్నారు. ప్రొపేన్ గాలి కంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. అలారం అక్కడే ఉంచి, గాలి ఆడేలా చిల్లుల రేకు అడ్డం పెట్టండి.

రివెట్_రాజా (ఒరెగాన్):

మావయ్యగారి మాటకి నాదో సవరణ. తీగలకంటే ముందు నేల. స్కాంప్‌ల నేల చెక్క. కార్పెట్ మొత్తం పీకేసి, తలుపు దగ్గరా వెనక మూలల్లోనూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెక్క కుళ్ళిందన్నమాట. అది తేలకుండా పైన ఏం కట్టినా మళ్ళీ విప్పుకోవాల్సిందే.

చెక్క బాగుంటే ఒకే ముక్క వినైల్ షీట్ పరిచి, అంచుల్ని అంగుళం మేర గోడ మీదకి ఎక్కించి సిలికాన్ పట్టించండి. ముక్కలు ముక్కలుగా అతికే లామినేట్ చూడ్డానికి బాగుంటుంది గానీ, జున్ను పాస్ పోసిన ప్రతిసారీ ఆ సందుల్లోంచి చెక్కలోకి దిగుతుంది. నున్నటి వినైల్ మీద కుక్కలు జారతాయి కాబట్టి నడిచేచోట తీసి కడుక్కునే రబ్బరు మ్యాట్ వెయ్యండి. తుడవడానికి ఎంజైమ్ క్లీనర్ వాడండి. అమోనియా ఉన్నవి వద్దు, ఆ వాసన కుక్కకి పాస్ వాసనలాగే ఉంటుంది, మళ్ళీ అక్కడే పోస్తుంది.

స్కాంప్ ఓనర్లు కూడా పట్టించుకోనిది ఒకటుంది. అల్మరాలని గుల్లకి పాప్ రివెట్లతో బిగిస్తారు కదా, వాటి మీద గుండ్రటి ప్లాస్టిక్ మూతలుంటాయి. కింది వరసలో కుక్క నోటికి అందేవన్నీ ఇప్పుడే ఊడదీసి డబ్బాలో దాచండి. గోడలకి అతికించిన ఫోమ్ వినైల్ కూడా అంతే, ఒక అంచు పంటికి దొరికిందంటే గోడంతా చీరుతుంది. కింద రెండడుగుల మేర రెస్టారెంటు వంటగదుల గోడలకి వేసే ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన గట్టి ప్లాస్టిక్) షీట్ అతికిస్తే ఆ బెంగ ఉండదు.

ఆవకాయ_జాడీ (న్యూజెర్సీ):

రాజా గారూ, మీ పోస్టు చదివాక మా ఇంట్లో సోఫా కూడా ఎఫ్‌ఆర్‌పీతోనే చేయించాలనిపిస్తోంది.

గన్నవరం_వెట్ (ఒహాయో):

గన్నవరంలో వెటర్నరీ చదివాను, ఇప్పుడు ఇక్కడ క్లినిక్‌లో ఉన్నాను. నాలుగు మాటలు చెప్తానక్కా.

మూడో నెల నుంచి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటాయి, ఆరేడు నెలలకి పూర్తవుతాయి. చిగుళ్ళు దురద, ఏది దొరికితే అది నములుతుంది. కాబట్టి కొత్త కుషన్లు ఇప్పుడు కుట్టించొద్దు. ఈ వేసవికి పాతవాటికే మందపాటి కాన్వాస్ కవర్లు వేసి గడిపెయ్యండి. ఫోమ్ ముక్కలు మింగితే పేగుకి అడ్డం పడతాయి. ఆపరేషన్ దాకా వెళ్ళిన కేసులు మాకు వస్తుంటాయి.

పార్వో (కుక్కపిల్లలకి ప్రాణాంతకమైన వైరస్ జబ్బు) టీకాలు 16 వారాలు దాటేదాకా మోతాదులుగా వేస్తారు. చివరి డోసు పడి వారం, రెండు వారాలు గడిచేదాకా ఊరూరి కుక్కలు తిరిగే క్యాంప్‌గ్రౌండ్ గడ్డి మీద వదలొద్దు. మీ మెమోరియల్ డే లెక్క సరిపోతుంది. మిన్నెసోటా అడవుల్లో టిక్స్ (రక్తం పీల్చే పిడుదులు) ఎక్కువ, వాటి వల్ల వచ్చే లైమ్ జబ్బుకీ, లెప్టో అనే మరో బ్యాక్టీరియా జబ్బుకీ టీకాల గురించి మీ డాక్టర్ని ఇప్పుడే అడగండి.

గరాజ్‌లో ఉండగానే రోజూ ఒక పూట తిండి ట్రైలర్‌లో పెట్టి అలవాటు చెయ్యండి. కోత పని జరిగే రోజుల్లో మాత్రం లోపలికి రానివ్వద్దు. ఫైబర్‌గ్లాస్ ధూళి పాదాలకి అంటుతుంది, తర్వాత అది పాదాలు నాకుతుంది.

జున్ను_వాళ్ళమ్మ:

మీ అందరికీ చాలా థ్యాంక్స్. స్క్రూడ్రైవర్ పరీక్ష చేశాం. తలుపు దగ్గర అరచేయంత మేర మెత్తగా ఉంది, మిగతాదంతా గట్టిగానే ఉంది. రివెట్ మూతలు తీసేశాం.

బ్యాటరీ సంగతి చెప్పండి మావయ్యగారూ. లిథియం కొనాలని మా ఆయన పట్టుదల. ఇక్కడ ఏప్రిల్‌లో కూడా రాత్రిళ్ళు మంచు కడుతుంది. ఏసీ బ్యాటరీ మీద నడవదని తెలుసు. ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు, ఒక చిన్న ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) నడిస్తే చాలు.

అన్నట్టు అత్తయ్యగారు వీడియో కాల్‌లో జున్ను గిన్నె చూసి, "పసిదానికి ఆ గుళికలేంటమ్మా, ఇంత పెరుగన్నం కలిపి పెట్టక" అన్నారు.

గన్నవరం_వెట్:

ఒక ముద్ద పెరుగన్నం పెడితే ఫర్వాలేదక్కా, పోపు లేకుండా. అదే పూర్తి భోజనం కాకూడదు. ల్యాబ్ లాంటి పెద్ద జాతి పిల్లలకి కాల్షియం, ఫాస్ఫరస్ లెక్కగా అందాలి, అందుకే లార్జ్ బ్రీడ్ పప్పీ ఫుడ్ అని విడిగా అమ్ముతారు. ఆవిడకి బాధ కలగకుండా ఆ చేత్తోనే గుళికలు పెట్టించండి.

వైరింగ్_మావయ్య:

మీ ఆయన పట్టుదల మంచిదే. 100 యాంపవర్ల (యాంప్-అవర్, Ah) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే సుమారు 1,280 వాట్అవర్లు, దాదాపు అంతా వాడుకోవచ్చు. లెడ్ యాసిడ్‌లో సగం దాటి వాడితే దాని ఆయుష్షు పోతుంది. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి 30 నుంచి 40 యాంపవర్లు లాగుతుంది. మూడు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ 700 వాట్లు, అది ఆన్‌లో ఉన్నంతసేపు బ్యాటరీ నుంచి 60 యాంపులకి పైనే పోతుంది. అన్నం, పప్పు ఒకసారి వండితే 15 యాంపవర్లు అనుకో. 100 వాట్ల సోలార్ ప్యానెల్ జూన్ ఎండలో రోజుకి 25, 30 యాంపవర్లు ఇస్తుంది, చెట్ల నీడలో అదీ రాదు. 200 వాట్లు పెట్టుకోండి.

చలికి వస్తే, 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కింద లిథియంని వాడుకోవచ్చు గానీ చార్జి చెయ్యకూడదు. చలిలో చార్జింగ్ తనే ఆపేసే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఉన్నది కొనండి. మీ పాత కన్వర్టర్ (బయటి కరెంటుతో బ్యాటరీని చార్జి చేసేది) వోల్టేజి లిథియంకి చాలదు. 14.4 నుంచి 14.6 దాకా ఇచ్చేది పెట్టకపోతే ఎప్పుడూ పూర్తిగా నిండదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. చలికి భయపడి మీరు బ్యాటరీని ముందున్న కొక్కెం దగ్గర నుంచి తీసి లోపల బెంచీలో పెడతారు. లిథియం హైడ్రోజన్ వదలదు కాబట్టి పెట్టొచ్చు. కానీ పాతది దాదాపు 27 కిలోలు, ఆ బరువంతా ముందు నుంచి పోయింది. పైగా వెనక మంచం కింద సామాను సర్దుతారు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. అది తగ్గితే హైవే మీద వెనక నుంచి ఊగడం మొదలవుతుంది. పని మొత్తం అయ్యాక, సామాను సర్దాక, ఒకసారి తూచి బయలుదేరండి. బ్యాటరీని ముందు బెంచీలో పెడితే సగం సమస్య తీరుతుంది. టెర్మినల్స్‌కి రబ్బరు టోపీలు, బెంచీ మూతకి గొళ్ళెం మర్చిపోవద్దు. గొళ్ళెం జున్ను కోసం.

వారాంతం_వనవాసం (డెన్వర్):

యెల్లోస్టోన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మా హస్కీతో మేం చాలా పార్కులు తిరిగాం. కుక్కని ట్రైలర్‌లో ఏసీ వేసి ఉంచుతాం, ఫోన్‌కి ఉష్ణోగ్రత చెప్పే మానిటర్ పెడతాం, రెండు మూడు గంటలు ట్రెక్ చేసి వస్తాం. హాయిగా నిద్రపోతుంది. దీనికి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

గన్నవరం_వెట్:

బ్రో, మీ హస్కీ పెద్దది, అలవాటుపడింది. ఇది పిల్ల. మూసిన బండిలో వేడి పది నిమిషాల్లో 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పెరుగుతుంది. కుక్కలకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే వాటికి దారి. మీరు ట్రెయిల్ మీద గంట దూరంలో ఉన్నప్పుడు ఫోన్ మోగితే ఏం చేస్తారు?

వారాంతం_వనవాసం:

ట్రైలర్ కారు కాదండీ. కిటికీలున్నాయి, పైన ఫ్యాన్ ఉంది. ఇంట్లో వదిలి ఆఫీసుకి వెళ్ళమా?

వైరింగ్_మావయ్య:

ఇంటి కరెంటుకీ క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకీ చాలా తేడా ఉంది నాయనా. వేసవి మధ్యాహ్నం అన్ని ట్రైలర్ల ఏసీలూ ఒకేసారి నడిస్తే వోల్టేజి పడిపోతుంది. మీ సర్జ్ ప్రొటెక్టర్ మంచిదైతే ఏసీని కాపాడ్డానికి అదే కరెంటు కోస్తుంది. కరెంటు తిరిగొచ్చాక పాత నాబ్ ఏసీ దానంతటదే మొదలవుతుంది, కొన్ని రిమోట్ ఏసీలు మొదలవవు. మీది ఏదో తెలియాలంటే ఇంట్లోనే ప్లగ్ పీకి, మళ్ళీ పెట్టి చూడండి.

మూడు గంటలు వదలడం తప్పా ఒప్పా అని నేను వాదించను. కానీ ఈ పద్ధతి యెల్లోస్టోన్‌లో నడవదు. పార్కు లోపల కరెంటు హుకప్పులు (ట్రైలర్‌కి ప్లగ్ పెట్టుకునే చోట్లు) ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. మిగతాచోట జనరేటర్ అయినా అనుమతించిన గంటల్లోనే నడపాలి. పార్కులో చాలాభాగం సిగ్నలే ఉండదు, ఇక మీ మానిటర్ ఎవరికి ఫోన్ చేస్తుంది?

వారాంతం_వనవాసం:

సిగ్నల్ మాట నిజమే, అక్కడ మా ఫోన్లు కూడా మూగబోయాయి. మేం వెళ్ళింది హస్కీ రాకముందు. కరెంటున్న స్టేట్ పార్కుల్లో మాత్రం నా పద్ధతి మార్చుకోను.

రివెట్_రాజా:

అసలు యెల్లోస్టోన్‌కి కుక్కపిల్లతో ఎందుకండీ? రోడ్లు, పార్కింగ్, క్యాంప్‌గ్రౌండ్లకి 100 అడుగుల లోపే ఉండాలి. బోర్డువాక్‌ల (వేడినీటి బుగ్గల దగ్గర వేసిన చెక్క బాటలు) మీదకీ ట్రెయిల్స్ మీదకీ రానివ్వరు. కట్టేసి వెళ్ళడమూ కుదరదు. అందరూ చూసేవన్నీ బోర్డువాక్‌ల మీదే ఉన్నాయి.

కుక్కతో తిరగాలంటే మీకు దగ్గర్లో సౌత్ డకోటాలో కస్టర్ స్టేట్ పార్క్ ఉంది. లీష్ (మెడపట్టీకి కట్టే తాడు) వేసి చాలా ట్రెయిల్స్ మీద తీసుకెళ్ళొచ్చు. బైసన్లు (అమెరికా అడవి దున్నలు) ఉన్నాయి, దూరంగా ఉండాలి. పక్కనే బ్లాక్ హిల్స్ నేషనల్ ఫారెస్ట్. నేషనల్ పార్కుకీ నేషనల్ ఫారెస్ట్‌కీ కుక్కల రూల్స్‌లో చాలా తేడా, ఫారెస్ట్ వాళ్ళు ఎంతో ఉదారం.

కరీంనగర్_టు_కాల్గరీ:

అక్కా, ఆ థండర్ బే ముచ్చట జూన్‌లో పెట్టుకోకండి. కెనడాలోకి రావడం కష్టం కాదు, మూడు నెలలు దాటిన కుక్కకి రేబిస్ టీకా కాగితం చాలు. తిరిగి అమెరికాలోకి పోయేటప్పుడే చిక్కు. 2024 ఆగస్టు 1 నుంచి సీడీసీ (అమెరికా ఆరోగ్య సంస్థ) రూల్ మారింది. కుక్కకి కనీసం ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, ఆన్‌లైన్‌లో డాగ్ ఇంపోర్ట్ ఫారం నింపి రసీదు చూపించాలి. మీది జనవరి పిల్ల అంటే జులై దాకా ఆగాల్సిందే. జూన్‌లో వస్తే మీరు పోతారు, అది నా దగ్గర ఉండిపోతుంది. నాకైతే ఇష్టమే.

జున్ను_వాళ్ళమ్మ:

అమ్మో, బాగా చెప్పారు అన్నా! మేం మా వీసా స్టాంపింగ్ గురించే ఆలోచించాం, దాని వయసు గురించి ఆలోచించనే లేదు.

ఆవకాయ_జాడీ:

టెక్నికల్ నాకు రాదు. వంట మాత్రం చెప్తాను. ఆ బుల్లి డబ్బాలో పోపు పెట్టారంటే ఆ వాసన కుషన్లలో దసరా దాకా ఉంటుంది. అన్నం, పప్పు లోపల, పోపూ వేపుళ్ళూ బయట క్యాంప్ స్టవ్ మీద. బల్ల కింద ఒకరు నోరు తెరుచుకుని కూర్చుంటారు కదా, అందుకని ఉల్లి, వెల్లుల్లి, కిస్మిస్ విషయం అత్తయ్యగారికి ముందే చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. కిస్మిస్ మూత్రపిండాలకి ప్రమాదం. చక్కెర పొంగలి చేసి ప్రేమగా ఇంత పెడితే అయిపోయింది. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లు చాలావాటిలో జైలిటాల్ ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. హ్యాండ్‌బ్యాగులు కింద పెట్టొద్దు.

నార్త్ షోర్‌లో నల్ల ఎలుగులుంటాయి. రాత్రి వంట సామానుతో పాటు జున్ను గిన్నె, దాని తిండి డబ్బా కూడా కారులోకి.

జున్ను_వాళ్ళమ్మ:

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. జూన్‌లో హైవే 61 మీదుగా గూస్‌బెర్రీ ఫాల్స్, టెట్టగూచ్. సరిహద్దు ఇవతలే ఉండిపోతాం. స్టేట్ పార్కుల్లో ఆరడుగుల లీష్ ఉంటే ట్రెయిల్స్ మీదకి రానిస్తారు. ఆగస్టులో కస్టర్. యెల్లోస్టోన్ జున్ను లేకుండా ఎప్పుడో. తలుపు దగ్గర చెక్క కోసి కొత్తది వేశాం, వినైల్ వచ్చే వారం. ఎఫ్‌ఆర్‌పీ కూడా కొన్నాం.

మిగిలింది క్రేట్. ముందు సోఫా తీసేస్తే అక్కడ పడుతుంది, కానీ అప్పుడు అత్తయ్యగారికి చోటు లేదు.

రివెట్_రాజా:

సోఫా తియ్యకండి. అది బంక్‌గా మారే రకమైతే ఈ వేసవికి అదే ఆవిడ మంచం. ల్యాబ్ పూర్తిగా ఎదిగేలోపు క్రేట్ పాఠం అయిపోతుంది, అప్పుడు లోపల 42 అంగుళాలది అవసరం ఉండదు. ఇప్పటికి ఈ వయసుకి సరిపోయే చిన్న వైర్ క్రేట్, నేల మీద నడిచే దారిలో, రాత్రిపూట మాత్రమే. ఆగస్టుకి అది చాలకపోతే బల్ల బెంచీకి తలుపులా బేబీ గేటు పెట్టి ఆ మూల దానికిచ్చెయ్యండి. పెద్ద క్రేట్ కారు వెనక భాగంలో, బెల్టుతో బిగించి. ప్రయాణంలో అది ఉండాల్సింది కారులోనే, ట్రైలర్ కదులుతుంటే లోపల ఉంచకూడదు.

మీ ఆయన ఎక్కడ పడుకుంటారో మీరు చెప్పలేదు.

జున్ను_వాళ్ళమ్మ:

వెనక మంచం మీద నేనూ ఆయనా పడతాం అని ఆయన నమ్మకం. టెంటు కూడా ఆర్డర్ పెట్టాను. మావయ్యగారూ, ఇన్వర్టర్ 1,000 వాట్లది చాలా, 2,000 కొనాలా? బ్యాటరీ ముందు బెంచీలో, ఇన్వర్టర్ దాని పక్కనే.

వైరింగ్_మావయ్య:

700 వాట్ల కుండకి 1,000 వాట్ల ప్యూర్ సైన్ (ఇంటి కరెంటులా నున్నగా ఇచ్చే రకం) చాలు. 2,000 కొంటే ఎవరో ఒకరు దాని మీద హెయిర్ డ్రయర్ పెడతారు, మీ బ్యాటరీ బీఎంఎస్ 100 యాంపులదైతే కట్ అవుతుంది. తీగలు నాలుగు గేజ్ లేదా అంతకంటే లావు, నాలుగడుగులు మించకుండా. ఫ్యూజు కంపెనీ మాన్యువల్‌లో రాసినది వెయ్యండి. ఇన్వర్టర్ వేడెక్కుతుంది, బెంచీకి రెండు వైపులా గాలి చిల్లులు కొట్టి లోపలి నుంచి జాలీ బిగించండి. బయటి నుంచి బిగిస్తే ఎవరు పీకుతారో మీకు తెలుసు. బిగించాక ఫోటో పెట్టు, చూసి చెప్తాను.